మహమ్మారి కాలంలో మనసుకు వైద్యం: గోదావరి లంకల నుంచి ఏ దారి ఎవరికి?

2021 మే నెలలో రాష్ట్రమంతటా మధ్యాహ్నం 12 గంటలకే కర్ఫ్యూ మొదలయ్యేది. మా పెద్దన్నయ్య అప్పటికి కోవిడ్ నుంచి తేరుకుని ఇరవై రోజులైంది. జ్వరం లేదు, దగ్గు లేదు, వేలికి పెట్టిన ఆక్సీమీటరు 97 చూపిస్తోంది. అయినా రాత్రి రెండు గంటలకు లేచి, అరుగు మీద కూర్చుని, ఏటిగట్టు వైపు చూస్తూ తెల్లవార్చేవాడు. "ఏమైందన్నయ్యా?" అని అడిగితే "ఏం లేదురా, కాస్త నలతగా ఉంది" అనేవాడు. మా వైపు నలత అనే మాటలో జలుబు మొదలు చావుభయం దాకా అన్నీ ఇమిడిపోతాయి.

ఆ వారం మా ఇంట్లో జరిగిన చర్చంతా ఎక్కడికి తీసుకెళ్లాలన్న దాని మీదే. వదిన కాకినాడ పెద్దాసుపత్రి అంది. అమ్మ దిష్టి తీయించమంది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు ఒక నిద్రమాత్ర వేసుకుంటే సరిపోతుందన్నాడు. హైదరాబాదులో ఉంటున్న మా అబ్బాయి వీడియో కాల్‌లో సైకియాట్రిస్టును చూపిద్దామన్నాడు. అందరూ మంచి కోరే చెప్పారు గానీ, ఏది దేనికి పనికొస్తుందో, ఏది దేనికి పనికిరాదో పక్కపక్కన పెట్టి చెప్పగలిగినవారు ఆ పూట ఎవరూ దొరకలేదు. అప్పుడు మాకు అవసరమైన పోలికను, తర్వాత తెలుసుకున్న సంగతులను కూడా కలుపుకొని, ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. మొదటిసారి ఎక్కడికైనా వెళ్లగలం. కారు కట్టించుకుని రాజమహేంద్రవరం వెళ్లగలం, అవసరమైతే విశాఖపట్నం కూడా వెళ్లగలం. కానీ మనోవ్యాధికి వైద్యం ఒక్క పూటలో అయ్యేది కాదు. దిగులుకు ఇచ్చే మందు పనిచేయడం మొదలుపెట్టడానికే సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఆ తర్వాత మోతాదు సరిచూడాలి, తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. అందువల్ల ఎంపిక చేసేటప్పుడు "ఎవరు పెద్ద డాక్టరు?" అన్న ప్రశ్న కంటే, "రేవులో పంటు (మనుషులనూ బళ్లనూ ఏరు దాటించే పెద్ద పడవ) ఆగిపోయినా, కర్ఫ్యూ ఉన్నా, చేతిలో డబ్బు తగ్గినా రెండోసారి, మూడోసారి ఎవరి దగ్గరికి వెళ్లగలం?" అన్న ప్రశ్నే ముఖ్యమని నేననుకుంటాను.

పోలికకు సమయం లేని సందర్భాలు

చనిపోవాలని ఉందని చెప్పడం, వీలునామా రాసినట్టు అప్పగింతలు పెట్టడం, ఇంట్లోవాళ్లను గుర్తుపట్టకపోవడం, లేని మనుషులు కనిపిస్తున్నారనడం, రెండు మూడు రోజులుగా తిండీ నీళ్లూ ముట్టకపోవడం కనిపిస్తే ఈ వ్యాసం పక్కన పెట్టి 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, దగ్గర్లో క్యాజువాలిటీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సైకియాట్రిస్టు లేకపోయినా ఫరవాలేదు. ముందు ప్రాణానికి కాపలా కావాలి. మనిషిని ఒంటరిగా వదలకూడదు. మన ఇళ్లలో వరికీ చెరువులకూ వాడే మందుల డబ్బాలు పశువుల పాకలో చూరు కింద పెట్టుకోవడం మామూలే కాబట్టి, వాటిని అదే గంటలో తీసి, తాళం వేసి, తాళంచెవి వేరే ఇంటివారికి ఇవ్వాలి.

కోవిడ్ ఉన్న వృద్ధులు హఠాత్తుగా తికమకగా మాట్లాడటం మొదలుపెడితే అది చాలాసార్లు మనోవ్యాధి కాదు, ఒంట్లో ఆక్సిజన్ తగ్గడం వల్లనో, జ్వరం వల్లనో, లవణాలు తారుమారు కావడం వల్లనో మెదడు పడే అవస్థ. అలాంటివారిని సైకియాట్రిస్టు కోసం వెతుకుతూ ఆలస్యం చేయడం ప్రమాదం. అలాగే రోజూ తాగేవారికి లాక్‌డౌన్ వల్ల మద్యం ఒక్కసారిగా ఆగిపోతే, మొదటి రోజే వణుకు మొదలై, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, మూడు నాలుగు రోజుల్లో మతి తప్పవచ్చు. 2020లో మార్చి చివరి నుంచి మే 4 దాకా దుకాణాలు మూసి ఉన్నప్పుడు ఇది చాలా ఇళ్లలో కనిపించింది. "మంచిదేలే, మానేశాడు" అని సంతోషించే లోపే ప్రాణం మీదికి వస్తుంది. దీనికి ఆసుపత్రిలో పడక కావాలి, ఫోన్ సలహా చాలదు.

ఆసుపత్రికి తీసుకెళితే పోలీసు కేసవుతుందన్న భయం ఒకటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించరాదని చెబుతుంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీలోని 309వ సెక్షన్, దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోకి రానే లేదు. ఆసుపత్రివారు పోలీసులకు కబురు పంపినా అది రాతకోతల వరకే గనుక, ఆ భయంతో ఇంట్లో దాచుకోవద్దు.

దేన్ని బట్టి పోల్చాలి?

మొట్టమొదట తేల్చుకోవలసింది మందు కావాలా, మాట కావాలా అన్నది. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మనోవైద్యంలో పైచదువు చదివిన డాక్టరు, మందు రాయగలరు. సైకాలజిస్టు మందు రాయరు. మాటల ద్వారా, అభ్యాసాల ద్వారా చికిత్స చేస్తారు. కౌన్సెలర్ అనే బోర్డు మాత్రం ఎవరైనా పెట్టుకుంటున్నారు కాబట్టి అర్హత అడగడంలో తప్పులేదు. రెండు వారాలకు పైగా, దాదాపు ప్రతిరోజూ, నిద్రా ఆకలీ పనీ మూడూ దెబ్బతింటుంటే డాక్టరును చూడాలి. దిగులు ఉన్నా పనులు సాగుతుంటే మాటతో మొదలుపెట్టవచ్చు.

రెండోది, ఎవరి చెవిన పడుతుంది అన్నది. పట్నంలో తలుపు వేసుకుని మాట్లాడుకోవచ్చు. గోదావరి పాయల మధ్య దీవుల్లాంటి మన లంక ఊళ్లలో ఒక హాలు, ఒక వసారా, కొబ్బరాకుల దడికి అవతల పినతల్లిగారి ఇల్లు ఉంటాయి. అన్నయ్య మొదటి ఫోన్ కాల్ హాలులో కూర్చుని చేశాడు. అవతలివారు అడిగిన ప్రతిదానికీ "బాగానే ఉన్నానండి" అన్నాడు, ఎందుకంటే పక్కన అమ్మ వత్తులు చేసుకుంటోంది. రెండో కాల్‌కు కొబ్బరితోటలో మోటారు పాక దగ్గరికి పంపించాం. అక్కడ సిగ్నల్ బాగుంటుంది, దింపు కూలీలు రాని వేళ మనిషి అలికిడి ఉండదు. దింపిన కాయల రాశి మీద ఫోన్‌ను నిలబెట్టి నలభై నిమిషాలు మాట్లాడాడు. గోప్యత చట్టంలో ఉన్న హక్కే, వైద్యులు దాన్ని పాటించాలి కూడా. కానీ ఇంట్లో గోప్యత ఏ చట్టమూ ఇవ్వదు, మనమే ఏర్పాటు చేయాలి.

మూడోది పైన చెప్పిన రెండో విడత, అంటే మళ్లీ మళ్లీ వెళ్లగలగడం. సఖినేటిపల్లి నుంచి నరసాపురం, ముక్తేశ్వరం నుంచి కోటిపల్లి పంటు మీద దాటేవారికి ఇది విడమర్చి చెప్పక్కరలేదు. 2020 ఆగస్టులో కోవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడే గోదావరికి వరద వచ్చింది. లంకల్లోంచి బయటికి రావడమే కష్టమైన ఆ రోజుల్లో నెలవారీ మందుకు వెళ్లవలసినవారి గతి ఆలోచించండి. వంతెన వైపు ఉన్నారా, రేవు వైపు ఉన్నారా అన్నదాన్ని బట్టి కూడా మీ ఎంపిక మారాలి. రాజోలు వైపువారికి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు, భీమవరం అందుబాటులో ఉంటాయి. ముమ్మిడివరం వైపువారికి యానాం మీదుగా కాకినాడ దారి మేలు.

వృద్ధులకు, షుగరు ఉన్నవారికి ఆసుపత్రి వరుసలో నిలబడటం వల్ల వచ్చే అంటువ్యాధి ప్రమాదం నాలుగోది. డబ్బును చివర పెట్టాను. అది చిన్న విషయమని కాదు, దాని లెక్క ఎవరికి వారికి బాగా తెలుసు గనుక. ఒక్క మాట మాత్రం చెప్పాలి: 2017 చట్టం ప్రకారం ఆరోగ్య బీమా సంస్థలు ఒంటి జబ్బులతో సమానంగా మనోవ్యాధులకూ బీమా ఇవ్వాలి. పాలసీ ఉన్నవారు ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి.

ఫోన్ సహాయ కేంద్రాలు

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ మొదలైన కొద్ది రోజులకే బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ ఒక సహాయ ఫోన్ ప్రారంభించింది. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్ర సామాజిక న్యాయ శాఖ 13 భాషల్లో, తెలుగుతో సహా, కిరణ్ పేరుతో మరొకటి తెచ్చింది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ ఇప్పుడు గుర్తుంచుకోవలసిన నంబరు: 14416. ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మొదట కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే పై స్థాయి నిపుణులకు గానీ దగ్గరి ఆసుపత్రికి గానీ కలుపుతారు.

దీని బలం రాత్రి రెండు గంటలు. ఆ వేళ గుండెదడ మొదలై, ఇది గుండెపోటా, కోవిడ్ తిరగబెట్టిందా, నేను పోతానా అని వణికే మనిషికి అవతల ఒక గొంతు వినిపించడం కంటే పెద్ద మందు ఏదీ లేదు. పేరు చెప్పనక్కరలేదు, ముఖం చూపనక్కరలేదు. మనవైపు మగవాళ్లకు ఇది చాలా తేలిక, ఎందుకంటే ఎదురుగా కూర్చున్న మనిషి ముందు "భయంగా ఉంది" అనడం వాళ్లకు చేతకాదు. బలహీనత కూడా అక్కడే ఉంది. రేపు చేస్తే ఇవాళ మాట్లాడిన మనిషే దొరుకుతారని నమ్మకం లేదు, కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. కాబట్టి దీన్ని మొదటి మెట్టుగా వాడుకోవాలి గానీ, మూడు నెలలు దీనితోనే నెట్టుకురావాలని చూడకూడదు.

ఫోన్‌లో, వీడియోలో డాక్టరు

మన దేశంలో దూరవైద్యానికి స్పష్టమైన నియమాలు వచ్చింది 2020 మార్చి 25న, అంటే దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైన రోజునే. డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరుతో చీటీ రాసి ఫోన్‌కు పంపవచ్చు. దాన్ని చూపి ఊళ్లో మందుల దుకాణంలో కొనుక్కోవచ్చు. కొన్ని మందులను మొదటిసారి రాయడానికి వీడియోలో చూడటం తప్పనిసరి, పాతవాటిని కొనసాగించడానికి ఫోన్ సరిపోతుంది. మత్తుమందుల చట్టం పరిధిలోకి వచ్చేవాటిని సాధారణంగా ఇలా రాయకూడదు. మైనరు పిల్లలను పెద్దవారు పక్కన ఉంటేనే చూస్తారు.

ఖర్చు లేకుండా ఇదే సేవ కావాలనుకుంటే ప్రభుత్వ దూరవైద్య సేవ ఈ-సంజీవని ఉంది. 2020 ఏప్రిల్ నుంచి ఇంటి నుంచే నేరుగా డాక్టరుతో మాట్లాడే వీలు కలిగింది. స్మార్ట్‌ఫోన్ వాడకం రాని పెద్దవాళ్లకు ఊళ్లోని ఆరోగ్య ఉపకేంద్రమే మేలు. అక్కడి ఎంఎల్‌హెచ్‌పీ (ఉపకేంద్రంలో ఉండే ఆరోగ్య ఉద్యోగి) తన దగ్గరి పరికరంతో పెద్ద కేంద్రంలోని డాక్టరుకు కలుపుతారు. రెండో విడతకు ఇంతకంటే సులువైన దారి లేదు: పంటు ఎక్కనక్కరలేదు, కర్ఫ్యూ అడ్డం రాదు, వరుసలో దగ్గేవారుండరు. రావులపాలెంలో ఉన్నా, అంతర్వేదిలో ఉన్నా డాక్టరు అంతే దూరం.

చిక్కులూ ఉన్నాయి. వాన పడితే సిగ్నల్ పోతుంది. చేతులు వణుకుతున్నాయా, నడక మారిందా, బట్టలు శుభ్రంగా ఉన్నాయా అన్నవి అరచేతిలోని తెరలో సరిగా కనిపించవు. మనసు ఎగుడుదిగుళ్లను నిలకడగా ఉంచే లిథియం అనే మందు వాడేవారికి రక్తపరీక్షలు ఎలాగూ బయట చేయించాలి. తీవ్రమైన మతిభ్రమణకు ఇది చాలదు, తనకు జబ్బే లేదనుకునే మనిషి తెర ముందు కూర్చోడు.

ప్రభుత్వ ఆసుపత్రి

రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న కాకినాడ ప్రభుత్వ సామాన్య ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతకు పై అవసరానికి విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అమలాపురం నుంచి కాకినాడ యానాం మీదుగా సుమారు 60 కిలోమీటర్లు. మందులు ఉచితం, చేర్చుకునే వీలుంటుంది, గుండె డాక్టరు, నరాల డాక్టరు, థైరాయిడ్ పరీక్ష అన్నీ ఒకే ఆవరణలో దొరుకుతాయి. ఈ చివరిది తక్కువ విషయం కాదు. దిగులనుకున్నది థైరాయిడ్ తగ్గడం వల్లనో, రక్తహీనత వల్లనో అయి ఉండవచ్చు. కోవిడ్‌కు వాడిన స్టెరాయిడ్ల వల్ల కూడా కొందరికి నిద్ర పోతుంది, చిరాకు పెరుగుతుంది.

మహమ్మారి కాలంలో ఇదే ఆసుపత్రి కోవిడ్ రోగులకు కూడా పెద్ద దిక్కు కావడంతో, ముసలివారిని అక్కడి వరుసలో నిలబెట్టడానికి భయపడటం సహజం. డాక్టరు మారుతుంటారు, మాట్లాడే సమయం తక్కువ. ఓపీ చీటీలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో వరుసగా పెట్టుకుంటే కొత్త డాక్టరుకైనా పాత కథ తెలుస్తుంది. నా దృష్టిలో ఆ కవరే ప్రభుత్వ వైద్యంలో సగం. ఒకసారి స్వయంగా వెళ్లి, రోగ నిర్ధారణ చేయించుకుని, ఆ తర్వాత నెలవారీ మాటలు ఫోన్‌లో జరుపుకోవడం చాలామందికి సరిపోయే కలయిక.

ప్రైవేటు సైకియాట్రిస్టు

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం వంటి చోట్ల ఉన్నారు. ఎప్పుడు వెళ్లినా అదే డాక్టరు కనిపించడం దీని అసలు లాభం, వేరే లాభాలేవీ దీని ముందు నిలవవు. మేము మొదట ఇక్కడే పొరపాటు చేశాం. పేరున్న క్లినిక్ అని దూరంగా ఉన్న పట్నానికి, కర్ఫ్యూ లోపల తిరిగి రావాలని తెల్లవారుజామునే కారు కట్టించుకుని వెళ్లాం. మూడు గంటలు కూర్చున్నాక నాలుగు నిమిషాలు చూశారు. రాసిన మందులు ఆ క్లినిక్ పక్క దుకాణంలో తప్ప మా ఊళ్లో దొరకలేదు. పదిహేను రోజులకు అవి అయిపోయాయి, మళ్లీ కారుకు ఎవరి దగ్గరా ఓపిక లేదు, అన్నయ్య ఆపేశాడు. డాక్టరు మంచివారే కావచ్చు, మందు సరైనదే కావచ్చు. రెండోసారి వెళ్లలేని చోటుకు మొదటిసారి వెళ్లడం మాత్రం మా తప్పు. ఇలాంటి మందులను హఠాత్తుగా ఆపితే తలతిరుగుడు, అశాంతి, జబ్బు తిరగబెట్టడం ఉంటాయని అప్పుడు మాకు తెలియదు.

వెళ్లినప్పుడు అడగవలసినవి రెండే: తర్వాతి విడత ఫోన్‌లో చూస్తారా? మా ఊళ్లో దొరికే పేరుతో మందు రాస్తారా?

సైకాలజిస్టు

ఆలోచనా విధానాన్ని సరిదిద్దే చికిత్స వంటివి సాధారణంగా వారానికొకసారి, పన్నెండు వారాలో అంతకు మించో సాగుతాయి. భయం, ఆదుర్దా, తీరని సంశయాలు, ఒక దుర్ఘటన వదలకుండా వెంటాడటం వంటివాటికి బాగా పనిచేస్తాయి. రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు డెల్టా ఊళ్లలో దొరకడం అరుదు, అందుకని ఆన్‌లైనే దిక్కు. ఇక్కడ భాష పెద్ద విషయం. "గుబులుగా ఉంది", "బెంగ పెట్టుకుంది", "మనసు మనసులో లేదు" అన్న మూడింటికీ తేడా తెలిసిన మనిషి కావాలి. అది తెలియనివారితో పన్నెండు వారాలు మాట్లాడటం డబ్బు దండగ.

ఫోన్‌లో దించుకునే యాప్‌లు శ్వాస అభ్యాసాలకు, నిద్ర లెక్క రాసుకోవడానికి పనికొస్తాయి. వైద్యానికి బదులు కావు.

ఊళ్లోనే ఉన్నవాళ్లు

ఆశ కార్యకర్త, ఏఎన్‌ఎం కోవిడ్ కాలంలో గడప దాటి వచ్చిన ఒకే ఒక్క బయటి మనుషులు చాలా ఇళ్లకు. బాలింతలకు, గర్భిణులకు వీరి కంటే మంచి మొదటి దారి లేదు. ఎలాగూ ఇంటికి వస్తారు, "పాపను ఎత్తుకోవాలనిపించడం లేదు" అన్న మాట వాళ్ల దగ్గర చెప్పుకోవచ్చు, వాళ్లు ఆసుపత్రికి దారి చూపిస్తారు. కానీ ఆశ మన వీధి మనిషే. రహస్యం ముఖ్యమైతే ఆలోచించుకోండి.

గుడి, చర్చి, మసీదు, ఊరి పెద్దలు మనిషిని ఒంటరితనం నుంచి కాపాడతారు. దిష్టి తీస్తే అమ్మ మనసు నెమ్మదిస్తుంది, అందులో నష్టం లేదు. మందు ఆపమననంత వరకు అభ్యంతరం ఉండనక్కరలేదు. గట్టిగా వద్దనేది ఒక్కటే, చీటీ లేకుండా అమ్మే నిద్రమాత్ర. ఆల్‌ప్రాజోలం వంటివి మొదటి రాత్రి అద్భుతంగా పనిచేస్తాయి. కొన్ని వారాలకు అదే మోతాదు చాలదు, మానేస్తే నిద్ర మరింత పోతుంది, ముసలివారు రాత్రి లేచి పడిపోతారు. మా ఆర్‌ఎంపీకి మేము వద్దన్నందుకు ఆయన ఇప్పటికీ కాస్త ముభావంగానే ఉంటారు.

ఒకచోట చూస్తే

| దారి | రహస్యం | రెండో విడత | మందు | ఎక్కడ చిక్కు |
|---|---|---|---|---|
| 14416 | పేరు చెప్పనక్కరలేదు. ఇంట్లో చాటు చూసుకోవాలి | సులువు, కానీ మనిషి మారవచ్చు | అవసరమైతే పైకి పంపుతారు | దీర్ఘకాల చికిత్సకు చాలదు |
| ఫోన్ లేదా వీడియో డాక్టరు | చాటైన చోటు ఉంటే బాగుంటుంది | అన్నిటికంటే సులువు | రాస్తారు, కొన్ని తప్ప | సిగ్నల్. తీవ్ర రోగులు |
| ప్రభుత్వ ఆసుపత్రి | దూరం కాబట్టి ఊరివాళ్లు తక్కువ | దారి, రేవు మీద ఆధారం | ఉచితం | వరుస, అంటువ్యాధి |
| ప్రైవేటు క్లినిక్ | మంచిది | ఖర్చు భరించగలిగితేనే | రాస్తారు | మందు ఊళ్లో దొరకాలి |
| సైకాలజిస్టు | మంచిది | ప్రతివారం కావాలి | రాయరు | తెలుగు వచ్చినవారు దొరకాలి |
| ఆశ, ఏఎన్‌ఎం | తక్కువ | వాళ్లే వస్తారు | ఇవ్వరు, దారి చూపుతారు | వీధిలో తెలిసిపోవచ్చు |

ఎవరికి ఏది నప్పుతుంది?

అప్పటికే సైకియాట్రీ మందులు వాడుతున్నవారి సంగతి అన్నిటికంటే ముందు. వీరు కొత్త డాక్టరును వెతకవద్దు, పాత డాక్టరుకే ఫోన్ చేయించాలి; నెల రోజుల మందు ఇంట్లో ఎప్పుడూ నిల్వ ఉండేలా చూసుకోవాలి. లిథియం వాడేవారికి జ్వరం, విరేచనాలు, ఒంట్లో నీరు తగ్గడం ప్రమాదకరం, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలతో అది రక్తంలో పెరిగిపోతుంది. కోవిడ్ సోకిన రోజునే డాక్టరుకు చెప్పవలసిన విషయమిది, "ఆ మందు వేరు, ఈ జ్వరం వేరు" అనుకోకూడదు.

అయినవారిని పోగొట్టుకున్నవారి బాధ వేరు. రెండో అలలో చాలామంది కడసారి ముఖం చూడలేదు; మూట కట్టిన దేహాన్ని దూరం నుంచే సాగనంపారు, పదిమంది లేకుండానే దినాలు జరిపారు, కోటిపల్లి రేవుకు వెళ్లి అస్థికలు కలపవలసినవాళ్లు వాటిని నెలల తరబడి చెట్టుకు కట్టి ఉంచారు. ఈ దుఃఖం జబ్బు కాదు, దానికి వెంటనే మందు వెతకవద్దు. మాట వినే మనిషి కావాలి, ఆగిపోయిన కర్మను ఆలస్యంగానైనా చేయించాలి. నా అనుభవంలో ఏడాది తర్వాత చేసిన సంవత్సరీకంలో మా బంధువుల ఇంటిల్లిపాదీ మొదటిసారి గట్టిగా ఏడ్చారు, ఆ తర్వాతే ఆ ఇంట్లో రేడియో మోగింది. ఆరు నెలలు దాటినా మనిషి అక్కడే ఆగిపోయి, ఇంటి పనులు కూడా సాగకపోతే అప్పుడు సైకాలజిస్టు, అవసరమైతే డాక్టరు.

కువైట్‌లోనో ఖతార్‌లోనో ఉన్న తల్లి పంపే డబ్బుతో అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు కోనసీమలో, నరసాపురం వైపు చాలామంది. వీరికి వీడియో డాక్టరు మంచి దారి, కారణం తల్లి కూడా అదే కాల్‌లో చేరవచ్చు. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక కాబట్టి సాయంత్రం ఏడుకు పెట్టుకుంటే తల్లికి నాలుగున్నర. పని ఇంట్లో ఫోన్ ఎత్తడం కుదిరే వేళో కాదో ముందే అడగండి.

చెరువుల మీద అప్పు చేసి, రొయ్య ధర పడిపోయి, బయటికి రాని రైతులకు నేనైతే ఫోన్ సహాయ కేంద్రంతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే వాళ్లు క్లినిక్ మెట్లెక్కరు. కానీ ఆ ఇంట్లో ఒకరు పైన చెప్పిన తాళంచెవి సంగతి మరవకూడదు.

కాలేజీ పిల్లలు ఫోన్‌లో రాసుకుంటూ మాట్లాడే సేవలను ఇష్టపడతారు. తల్లిదండ్రులు గది బయట నిలబడి వినకపోవడమే వీరికి పెద్ద సాయం.

వెళ్లేముందు ఒక కాగితం

ఏ దారి ఎంచుకున్నా, ఫోన్ అయినా క్లినిక్ అయినా, ముందురోజు రాత్రి ఒక కాగితం మీద ఇవి రాసుకోవాలి: ఎప్పటి నుంచి, రోజుకు ఎన్ని గంటల నిద్ర, కోవిడ్‌కు ఏ మందులు ఎన్నాళ్లు వాడారు, స్టెరాయిడ్ ఉందా, బీపీ, షుగరు, థైరాయిడ్ మాత్రలేవి, మద్యం ఎంత, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలాంటిది వచ్చిందా. వాడుతున్న మాత్రల పట్టీలకు ఫొటోలు తీసి పెట్టుకోవాలి. రాసేది రోగి చేతే రాయించండి, వీలైతే.

మా అన్నయ్య జూన్‌లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు వీడియోలో చూసిన డాక్టరుకు ఆ కాగితమే చదివి వినిపించాడు. మొదటి వరుసలో "నలత" అని రాసుంది. "నలత అంటే ఏమిటో నాకు తెలుసండీ, నేనూ ఈ వైపు మనిషినే, కానీ మీ నలత ఏమిటో చెప్పండి" అన్నారాయన. మోటారు పాక దగ్గర నుంచి తిరిగొచ్చేసరికి చీకటి పడింది. అన్నయ్య కాగితం వెనక వైపు తర్వాతి కాల్ తేదీ రాసుకుని వచ్చి, దాన్ని గోడ మీది వెంకట్రామా క్యాలెండర్లో చూసి, అమావాస్య కాదు కదా అని అమ్మను అడిగాడు.